గండి పడని కట్టకు గండి పూడ్చిన బిల్లు

ఈ కేసులో నా క్లయింట్ పేరు ఏ దరఖాస్తు మీదా లేదు. అప్పీలులోనూ లేదు, విజిలెన్స్‌కు వెళ్లిన ఫిర్యాదులోనూ లేదు. అలా లేకుండా చూడడమే నాకు అప్పగించిన పని. తిరుపతిలో లాయరుగా ప్రభుత్వ ఉద్యోగుల సర్వీస్ మ్యాటర్లు, సమాచార హక్కు అప్పీళ్లు చూస్తుంటాను కాబట్టి ఇలాంటివాళ్లు అప్పుడప్పుడు వస్తుంటారు. ఆఫీసులో తప్పు జరిగిందని వాళ్లకు తెలుసు, కాగితం కళ్లారా చూశారు. చెబితే ఉద్యోగం ఏమవుతుందోనని భయం, చెప్పకపోతే రాత్రి నిద్ర పట్టదు. ఎక్కువమంది అంతా చెప్పుకుని, టీ తాగి, "ఆలోచించి వస్తాను సార్" అని వెళ్లిపోతారు. మళ్లీ రారు. నేను తప్పుపట్టను.

ఈమె మళ్లీ వచ్చింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆమె హోదా, చెరువు పేరు, ఏ శాఖ, ఏ ఆఫీసు అనేవి ఇందులో ఉండవు.

జరిగింది ఇదీ. 2021 నవంబరు వానలను చిత్తూరు జిల్లావాళ్లు మరిచిపోలేదు. స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచాయి. నవంబరు 19న పక్క కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు ఊళ్ల మీద పడింది. ఆ వార్త ఇంకా చల్లారక ముందే రాయలచెరువు కట్ట లీకవుతోందని తెలిసి, దిగువ పల్లెల జనాన్ని ఎత్తు ప్రదేశాలకు తరలించారు. ఆ నెలలో ఏ చెరువు కట్ట వైపు చూసినా అందరికీ టెన్షనే. అలాంటప్పుడు టెండర్లు పిలుస్తూ కూర్చోలేరు. గండ్లు పూడ్చే పనులను నామినేషన్ మీద, చిన్న చిన్న ముక్కలుగా ఇస్తారు. నిజంగా గండి పడినచోట అది తప్పు కాదు, అవసరం.

తూర్పు మండలాల్లోని ఒక చెరువుకు అలాంటి పని ఒకటి ఎం-బుక్‌లో, అంటే పనుల కొలతలు రాసే మెజర్‌మెంట్ పుస్తకంలో, ఎక్కింది. కట్టకు ఫలానా చోట గండి పడిందని, చెరువు లోతట్టు నుంచి మట్టి తవ్వి, పొరలు పొరలుగా వేసి, రోలింగ్ చేసి పూడ్చామని కొలతలు రాశారు. ఆ కొలతలు సరిచూశానంటూ పై అధికారి పెట్టే చెక్ మెజర్‌మెంట్ సంతకం ఉంది. బిల్లు అయిపోయింది. మొత్తం లక్షల్లోనే, కోట్లు కాదు. మట్టి పనికి ఒక సౌకర్యం ఉంది. పూడ్చిన మట్టి రెండు వానలకు పాత కట్టలో కలిసిపోతుంది, గడ్డి మొలుస్తుంది, తర్వాత ఎవరు వచ్చి చూసినా ఏం తేలదు. మిగిలేది ఎం-బుక్ ఒక్కటే.

"సార్, గండే పడలేదు. మా చిన్నాయన మడి ఆ చెరువు కిందే ఉండాది. కట్ట తెగింటే మాకు తెలీదా?" అంది. బిల్లుల రిజిస్టరు ఆమె సీటు మీదుగానే పోతుంది. ఫోన్‌లో పేజీల ఫోటోలు ఉన్నాయి.

నేను అడిగిన మొదటి ప్రశ్న: "ఇవి వాట్సాప్‌లో ఎవరికైనా పంపినావా అమ్మా?" పంపలేదు. రెండో ప్రశ్న: "ఇంట్లో ఎవరికైనా చూపించినావా?" భర్తకు చూపించింది. మనకెందుకు ఈ గోల అన్నాడట. అది సహజం.

చట్టం సంగతి ఆమె గూగుల్‌లో చదివే వచ్చింది. అక్రమాలు బయటపెట్టేవాళ్ల రక్షణకు విజిల్‌బ్లోయర్స్ ప్రొటెక్షన్ చట్టం 2014 అని ఒకటి ఉంది కదా, దాని కింద వేద్దామంది. ఉంది. 2014 ఫిబ్రవరిలో రాజ్యసభ దాటింది, మేలో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అమల్లోకి వచ్చే తేదీని మాత్రం కేంద్రం నోటిఫై చేయలేదు. దాని కింద ఏమేం బయటపెట్టవచ్చో ఇంకా బిగించేందుకు 2015లో తెచ్చిన సవరణ బిల్లు లోక్‌సభ దాటి, రాజ్యసభ దాటక మురిగిపోయింది. అంటే ముద్రించిన చట్టం పుస్తకాల్లో ఉంది, కోర్టులో చూపించడానికి పనికిరాదు. దానికంటే ముందు నుంచీ నడుస్తున్నది 2004 ఏప్రిల్ నాటి కేంద్ర తీర్మానం. సీల్ వేసిన కవరులో సెంట్రల్ విజిలెన్స్ కమిషన్‌కు పంపితే పేరు బయటపెట్టరు. అయితే అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మీద, కేంద్ర సంస్థల మీద వచ్చే ఫిర్యాదులకే. మన జిల్లా చెరువు కట్టకు అది రాదు.

ఆ తీర్మానం వెనక సత్యేంద్ర దూబే ఉన్నాడు. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఉత్తరం పేరుతో సహా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు నడిచింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. అది దోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది, 2010లో శిక్షలు పడ్డాయి. హత్య ఎవరు చేశారన్న వాదన ఎలా ఉన్నా, పేరు రాయొద్దన్న మనిషి పేరు ఫైలు నోటింగుల్లో ఊరేగిందన్నది మాత్రం మిగిలింది.

మన దగ్గర ఆ ఊరేగింపు రోజూ జరుగుతుంది, ఎవరూ కాల్పుల దాకా వెళ్లరు కాబట్టి వార్త కాదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి చూడండి. మీకోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు. పేరు మారినా అర్జీ నడిచే దారి ఒకటే. కలెక్టరేట్ నుంచి జిల్లా శాఖాధిపతికి, అక్కడి నుంచి డివిజన్‌కు, అక్కడి నుంచి సబ్‌డివిజన్‌కు "విచారించి రిపోర్టు పంపగలరు" అని దిగుతుంది. చివరికి ఎవరి మీద ఫిర్యాదో ఆయన టేబుల్ మీదకే, అర్జీదారు పేరు, ఫోన్ నంబరు, ఊరితో సహా చేరుతుంది. జిల్లా స్థాయిలో ప్రభుత్వ రహస్యం అంటే నాకు అర్థమైంది ఇదే. దాచాల్సింది ఫిర్యాదుదారు పేరు, అది బయట తిరుగుతుంది. బయట పెట్టాల్సింది ఎం-బుక్, అది బీరువాలో ఉంటుంది. 1923 నాటి అధికార రహస్యాల చట్టాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, ఈ రెండూ తారుమారైతే చాలు.

అందుకే నేను క్లయింట్ దగ్గరున్న కాగితంతో కేసు నడపను. అదే కాగితాన్ని ఆఫీసు చేత్తోనే, సంతకంతో, ఇంకొకరికి ఇప్పించడం నా పద్ధతి. అప్పుడు లోపలి మనిషి అవసరం తీరిపోతుంది. ఆమె ఇచ్చింది సాక్ష్యం కాదు, ఎక్కడ వెతకాలన్న ఆచూకీ.

అయితే బీరువాలో ఎం-బుక్ మాయమైతే? ఆ భయం ఉత్తది కాదు. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో ఫైళ్లు కాలిపోయిన సంగతి అందరూ చూశారు. మా కేసు అప్పటికి రెండేళ్ల ముందుదే అయినా, ఆ జాగ్రత్త మొదటి రోజే తీసుకున్నాం. ఫోటోల ప్రింట్లు కవరులో పెట్టి సీల్ వేసి నా ఫైల్లో ఉంచాను. లాయరుకు క్లయింట్ ఇచ్చిన సమాచారం మీద రక్షణ అప్పటి సాక్ష్య చట్టం 126వ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 132. ఒరిజినల్ పోయిందని ఆఫీసు చెబితేనే ఆ కవరు బయటికి వస్తుంది. దొంగచాటుగా వచ్చిన కాపీ కోర్టులో చెల్లుతుందా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 10న రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు మీద వచ్చిన రివ్యూ పిటిషన్ల విషయంలో జవాబు చెప్పింది. కాగితం ఎలా వచ్చిందన్న ఒక్క కారణంతో దాన్ని పక్కన పెట్టలేమంది. ఎవరిచ్చారని కోర్టే అడిగితే అన్న భయానికీ ఒక ఉదాహరణ ఉంది. 2014లో 2జీ కేసులో అప్పటి సీబీఐ డైరెక్టరు ఇంటి విజిటర్ల రిజిస్టరు గురించి, ఆ సమాచారం ఇచ్చిన వ్యక్తి పేరు సీల్డ్ కవరులో చెప్పమని సుప్రీంకోర్టు మొదట ఆదేశించింది. పిటిషనరు చెప్పలేమన్నాక ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. అదృష్టం బాగుండి మా కవరు ఇప్పటికీ సీల్‌తోనే ఉంది.

ఇక దరఖాస్తుదారు ఎవరు? ఆమె చిన్నాయన ముందుకొచ్చాడు, నేను వద్దన్నాను. చుట్టరికం కనుక్కోవడం ఆఫీసులో ఎవరికైనా ఒక పూట పని. మాకు కావలసింది ఆ చెరువు గురించి ముందు నుంచే గొడవ పడుతున్న మనిషి. దొరికాడు. ఒక ఆయకట్టు రైతు, తూము లీకవుతోందని సోమవారాల్లో అర్జీలు ఇచ్చీ ఇచ్చీ విసిగినవాడు. ఆ అర్జీలు కిందికి దిగినప్పుడు ఆఫీసు నుంచి ఆయనకు ఫోన్లు కూడా వచ్చాయి. "ఏం పెద్దాయనా, మాకు చెప్పకుండా కలెక్టరుకే చెప్తావా?" అని. ఆయన సమాచారం అడిగితే ఎవరికీ వింత అనిపించదు. క్లయింట్ ఎవరో ఆయనకు చెప్పలేదు, ఆయనా అడగలేదు. "నాకెందుకు సామీ, కట్ట సంగతి తేలితే చాలు" అన్నాడు.

దరఖాస్తు రాయడంలోనే అసలు పనితనం ఉంది. "ఫలానా నంబరు ఎం-బుక్, ఫలానా పేజీ" అని అడిగితే, లోపల ఎవరో చెప్పారని ఆ క్షణమే తెలిసిపోతుంది. అందుకని సబ్‌డివిజన్ పరిధిలో 2021 నవంబరు నుంచి 2022 మార్చి వరకు వరద నష్టం కింద చేసిన చెరువు పనులన్నిటి జాబితా, ఎస్టిమేట్లు, ఎం-బుక్ నకళ్లు, పనికి ముందూ తర్వాతా తీసిన ఫోటోలు అడిగాం. వాటితో పాటు వరదల రోజుల్లో పైకి పంపిన చెరువుల స్థితి రిపోర్టులు అడిగాం. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కింద రికార్డులు స్వయంగా చూసే అవకాశం కూడా కోరాం. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదని 6(2) ఉంది, కాబట్టి కారణం రాయలేదు. వల వెడల్పుగా వేస్తే కాగితాల ఖర్చు పెరుగుతుంది, పేజీకి రెండు రూపాయలు. ఆయనకు తెల్ల కార్డు ఉంది, చట్టం ప్రకారం పేదలకు ఫీజు లేదు. ఆ వెసులుబాటు వాడుకున్నాం.

ఎస్టిమేట్లకు మంజూరు ఉత్తర్వులేమైనా ఆన్‌లైన్‌లో దొరుకుతాయేమోనని ముందే చూశాం. 2021 ఆగస్టు నుంచి రాష్ట్రంలో జీవోలను పాత వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు. అది మళ్లీ మొదలైంది 2024లో. మా వెతుకులాట సరిగ్గా ఆ చీకటి కాలంలో పడింది. ప్రభుత్వాలు మారుతుంటాయి, ఆ మాట అటుంచండి. మామూలు జీవో కూడా అడిగి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు, లోపల ఇంకేదో ఉందని రైతు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మొదటి జవాబు నేను ఊహించినదే. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండు, మూడు ముక్కలైంది కదా, రికార్డులు చిత్తూరు నుంచి తిరుపతికి ఇంకా అందలేదన్నారు. చిత్తూరులో అడిగితే పంపేశామన్నారు. ఇలాంటి చోట ఉపయోగపడేది 6(3). తన దగ్గర లేని సమాచారం అడిగితే అయిదు రోజుల్లో ఉన్న ఆఫీసుకు బదిలీ చేయాలి గానీ, దరఖాస్తుదారును తిప్పకూడదు. ఆ మాటే మొదటి అప్పీలులో రాశాం. అప్పుడు రికార్డులు ఉన్నట్టుండి దొరికాయి, కొత్త అభ్యంతరం పుట్టింది. కాంట్రాక్టరు వాణిజ్య రహస్యమంటూ 8(1)(డి) చూపించారు. ప్రజల డబ్బుతో వేసిన మట్టి కొలతలో వాణిజ్య రహస్యం ఏముంటుంది? నిరాకరణ సరైనదని నిరూపించే భారం 19(5) ప్రకారం అధికారిదే. అప్పీలు విన్న అధికారి నకళ్ల మాట దాటవేసి, రికార్డులు చూసుకోవచ్చని ఆదేశమిచ్చారు. మాకు అంతకంటే ఏం కావాలి.

ఆ రోజు పెద్దాయనకు తోడుగా మా జూనియర్‌ని పంపాను. ఎం-బుక్‌లో మట్టి చెరువు లోతట్టు నుంచి తవ్వినట్టు ఉంది, తేదీలతో సహా. అదే తేదీల్లో ఆ ఆఫీసే పైకి పంపిన స్థితి రిపోర్టులో ఆ చెరువు నిండిపోయి మొరవ (అలుగు) పారుతోంది. పెద్దాయన ఎం-బుక్ చదవలేడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పగానే నవ్వాడట. "నీళ్లలో మునిగి మట్టి తవ్వినారా సామీ?"

తర్వాత ఆఫీసు వివరణ మారింది. చెరువులోంచి అని రాయడం గుమస్తా పొరపాటు, నిజానికి పక్క గుట్ట నుంచి తోలాం అన్నారు. ఆ మాటతో ఇంకా లోతుకు దిగారు. గుట్ట నుంచి తోలితే గనుల శాఖ అనుమతి ఉండాలి, మట్టికి ప్రభుత్వానికి చెందాల్సిన సీనరేజి రుసుమును బిల్లులోంచి కోసుకోవాలి, మట్టి తోలిన దూరానికి లీడ్ లెక్క వేయాలి. బిల్లులో ఆ కోతా లేదు, ఆ లెక్కా లేదు. 2018 నుంచి రాష్ట్రంలో బిల్లులన్నీ సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ మీద నడుస్తాయి కాబట్టి, ఎం-బుక్‌లో ఇప్పుడు ఒక ఆకు మారినా చెల్లింపు వివరం మారదు. సర్టిఫైడ్ నకళ్లు చేతికి వచ్చాక పెద్దాయన పేరుతో విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కు ఫిర్యాదు వెళ్లింది. అందులో లోపలి మనిషి ఇచ్చిన కాగితం ఒక్కటీ లేదు.

నాకు ఇందులో అన్నిటికంటే బరువుగా అనిపించింది దీని తర్వాతి భాగం. ఆఫీసులో "ఎవడు చెప్పినాడు" అన్న వేట మొదలైంది. మా దరఖాస్తు వెడల్పుగా ఉండడం వల్ల ఆమె మీదకు అనుమానం రాలేదు. వేరొకరి మీదకు వెళ్లింది. రిటైర్‌మెంట్‌కు దగ్గర్లో ఉన్న ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు, నోరు కాస్త ఎక్కువ, కాంట్రాక్టరుతో అంతకుముందే మాటా మాటా అయినవాడు. సంబంధం లేని ఆయన్ని దూరం డివిజన్‌కు డిప్యుటేషన్ మీద పంపేశారు. కారణంగా ఆర్డరులో "పరిపాలనా సౌలభ్యం" అని రాశారు. ఆ రెండు మాటల్ని కోర్టులో పడగొట్టడం ఎంత కష్టమో సర్వీస్ కేసులు చేసేవాళ్లకు తెలుసు.

ఆమె ఆ సాయంత్రమే వచ్చింది. "నేనే అని చెప్పేస్తాను సార్. ఆయనకు ఇద్దరు ఆడబిడ్డలు." వద్దన్నాను. ఆమె చెబితే ఆయన ఆర్డరు రద్దు కాదు, ఆమెకు మాత్రం ప్రవర్తన నియమావళి కింద ఛార్జ్ మెమో వస్తుంది. అనుమతి లేకుండా ఆఫీసు కాగితాలు బయటికి చూపించడం 1964 నియమావళి ప్రకారం తప్పే, ఆ కాగితం ఎంత నిజమైనా. తప్పుడు కొలతకూ, ఆ కొలత ఫోటో తీసినందుకూ ఒకే నియమావళి, ఒకే రకం మెమో. ఇన్‌స్పెక్టరు కేసు నేను తీసుకోలేను, నా క్లయింట్ ప్రయోజనానికి అడ్డు వస్తుంది. చిత్తూరులో ఇంకో లాయరు దగ్గరికి ఆయన చేరేలా చూశాను. ఎవరు పంపారో ఆయనకు తెలియదు. బదిలీ మీద వాదన గెలిచేలోపే ఆయన రిటైరయ్యాడు. ఆమె ఆ విషయం ఎప్పుడు ఎత్తినా నా దగ్గర చెప్పడానికి మంచి మాట ఉండదు.

పెద్దాయనకూ ఫోన్లు వచ్చాయి, ఈసారి కాంట్రాక్టరు తరఫు నుంచి. దరఖాస్తు మీద ఆయన ఊరు, డోరు నంబరు ఉన్నాయి మరి. దరఖాస్తుదారు పూర్తి చిరునామా ఇవ్వనక్కర్లేదు, పోస్టు బాక్సు నంబరు చాలని 2013లోనే కలకత్తా హైకోర్టు చెప్పింది. పల్లెలో పోస్టు బాక్సు ఎవరికుంటుంది? ఇప్పుడు ఇలాంటి వాటికి మా ఆఫీసు చిరునామా ఇస్తున్నాం.

విజిలెన్స్ రిపోర్టు తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)కి, డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు)కి ఉద్యోగుల క్రమశిక్షణ చర్యల సీసీఏ నియమాల్లోని 20వ నియమం కింద ఛార్జ్ మెమోలు వచ్చాయి, కాంట్రాక్టరు నుంచి రికవరీకి ఆదేశం పడింది. ఆ మెమోలు వచ్చేలోపు 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. చెరువు మళ్లీ నిండింది. కట్ట గట్టిగానే ఉందని ఆఫీసు వాళ్లు వచ్చి చెప్పారు. బహుశా నిజమే చెప్పారు, ఎందుకంటే ఆ కట్టకు ఎప్పుడూ గండి పడలేదు. కానీ గండి పడిందని రాసి బిల్లు తీసుకున్న నోటితోనే గట్టిగా ఉందంటే ఎవరు నమ్ముతారు? ఊళ్లోవాళ్లు ఇసుక బస్తాలు తెచ్చుకుని రెండు రాత్రులు కట్ట మీదే ఉన్నారు. దిగువన ఉన్న రెండు వీధుల వాళ్లు పిల్లల్ని తీసుకుని చుట్టాల ఇళ్లకు వెళ్లిపోయారు. దొంగ బిల్లు వల్ల పోయిన లక్షలు రికవరీలో రావచ్చు. ఈ ఖర్చు ఏ రికవరీ ఆర్డరులోనూ లేదు.

ఆ తర్వాత వచ్చిన కొత్త ఏఈ ఒక పని చేశాడు, నాకు నచ్చింది. కట్ట మీద మరమ్మతుకు ముందు లెవెల్స్ తీసేటప్పుడు ఆయకట్టు రైతులను పిలిచి టేపు రెండో కొస పెద్దాయన చేతికిచ్చాడు. కొలతలు ఊళ్లో బోర్డు మీద రాయించాడు. సమాచార హక్కు చట్టం 4(1)(బి) 2005 నుంచీ అడుగుతున్న స్వచ్ఛంద వెల్లడిలో ఇలాంటివి కూడా రావాలి. ఆ పని చేసినందుకు ఆయన్ని ఎవరూ విజిల్‌బ్లోయర్ అనరు, మెమో కూడా ఇవ్వలేరు.

ఇప్పుడు మిగిలినవి రెండు. చెక్ మెజర్‌మెంట్ చేసిన పై అధికారి రిటైరయ్యారు. రిటైరైనవాళ్ల మీద కొత్తగా చర్య మొదలుపెట్టాలంటే సంఘటన జరిగి నాలుగేళ్లు దాటకూడదని 1980 పెన్షన్ నియమాల 9లో ఉంది. మెమో గడువులోపలే అందిందని శాఖ అంటోంది. నాలుగేళ్లను ఎం-బుక్ తేదీ నుంచి లెక్కపెట్టాలా, బిల్లు చెల్లించిన తేదీ నుంచా అన్నది వాళ్ల లాయరు లేవనెత్తాడు.

రెండోది విజిలెన్స్ రిపోర్టు. పెద్దాయన నకలు అడిగితే 8(1)(హెచ్) కింద, విచారణకు ఆటంకం అని ఇవ్వలేదు. విచారణ ఉందన్నంత మాత్రాన సరిపోదు, సమాచారం ఇస్తే దానికి ఆటంకం ఎలా కలుగుతుందో చూపించాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే భగత్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు జతచేసి సమాచార కమిషన్‌లో రెండో అప్పీలు వేశాం. ఈలోగా 2025 నవంబరులో 8(1)(జె) సవరణ అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఆపేయవచ్చన్నట్టుగా మారింది. రిపోర్టులో అధికారుల పేర్లు ఉన్నాయి కాబట్టి రేపు విచారణలో ఆ సెక్షన్ కూడా తెస్తారు. 8(2) ప్రజా ప్రయోజనం అనే తలుపు ఇంకా తెరిచే ఉంది, వాదన దాని మీదే రాసి పెట్టాను. హియరింగ్ తేదీ రావాలి.